నీడపట్టున పెరిగే మొక్కలు

మేము రాజమహేంద్రవరంలో ఒక అపార్టుమెంటు రెండవ అంతస్తులో ఉంటున్నాము. మా ఇంటికి ఉత్తరపు వైపున 11 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు గల వసారా ఒకటి ఉన్నది. దాన్ని అందరూ బాల్కనీ అంటారు. మా అత్తగారు మాత్రం వసారా అనే అంటారు గనక మా ఇంట్లో అదే పేరు స్థిరపడింది. మూడవ అంతస్తువారి బాల్కనీ దానికి కప్పు. ఎదురుగా 20 అడుగుల దూరాన మరొక అపార్టుమెంటు గోడ. ఎండాకాలంలో కొద్ది రోజులు తప్ప అక్కడికి ఎండ పొడ రాదు. గాలివాన కొడితే తప్ప చినుకు కూడా పడదు.

ఇలాంటి చోట కుండీలలో ఏ మొక్కలు పెంచాలి అన్నది చూడటానికి చిన్న ప్రశ్నే. కాని మా ఇంట్లో దానికి జవాబు వెతకటం తప్పనిసరి అయింది. 2023 చివరలో మా మామగారు పోయారు. తరవాత అత్తగారు తుని దగ్గరి పల్లెలో ఇంటికి తాళం వేసి మా దగ్గరికి వచ్చేశారు. ఆ ఇంటి పెరట్లో మందారం, నందివర్ధనం, కరివేప, బచ్చలి పందిరి, కందపాదు, బావి పక్కన తమలపాకు తీగ — అన్నీ ఉండేవి. వాటిలో ఆవిడ వెంట తెచ్చుకున్నది ఒక్క తులసి కుండీ. మోకాళ్ళ నొప్పి మూలాన ఆవిడ మెట్లు ఎక్కలేరు. మా లిఫ్టు మూడవ అంతస్తుతో ఆగిపోతుంది. ఆ పైన డాబా మీదికి మెట్లే గతి. అందుచేత తులసిని వసారాలోనే పెట్టుకున్నారు. పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని దాని పక్కనే కూర్చునేవారు.

మూడు నెలలు తిరిగేసరికి తులసి కాడలు సన్నగా సాగిపోయాయి. ఆకులు చిన్నవయి, పాలిపోయి, రోజుకు నాలుగేసి రాలటం మొదలుపెట్టాయి. తులసి వాడటం ఇంటికి మంచిది కాదని పెద్దవాళ్ళ నమ్మకం. అత్తగారు ఆ మాట పైకి అనలేదు. కాని కాఫీ లోపలి గదిలోనే తాగటం మొదలుపెట్టారు. ఒకనాడు ఏడవ తరగతి చదివే మా అమ్మాయి, "వసారాలో కూర్చోవేం, మామ్మా?" అని అడిగితే, "అదీ నేనూ ఒక్కలాగే ఉన్నామే. చూడబుద్ధి కాదు," అన్నారు.

అప్పుడు మేము ముందుగా చేసిన పని, వసారాలో వెలుతురు ఎంత ఉన్నదో కొలవటం.

పిల్లలూ, వెలుతురు విషయంలో మన కళ్ళను నమ్మటానికి వీల్లేదు. ఎండలో కనుపాప చిన్నదవుతుంది, నీడలో పెద్దదవుతుంది. కంటి లోపలి పొర కూడా నీడకు అలవాటు పడుతుంది. అందువల్ల వసారాలో పుస్తకం చదువుకోగలిగితే, "ఇక్కడ వెలుతురుకేం లోటు!" అనుకుంటాము. నిజానికి మిట్టమధ్యాహ్నపు ఎండలో లక్ష లక్స్ వెలుతురు ఉంటుంది. (లక్స్ అనేది వెలుతురుకు కొలత, పొడవుకు సెంటీమీటరులాగా.) మా అమ్మాయి ఫోనులో వెలుతురు కొలిచే యాప్ పెట్టి చూస్తే వసారా పిట్టగోడ దగ్గర 4,000, లోపలి గోడ దగ్గర 400 వచ్చింది. ఫోను లెక్క ఉజ్జాయింపే. అయినా ఎండకూ ఆ మూలకూ ఉన్న తేడా వందల రెట్లని అర్థమవుతూనే ఉన్నది. అయిదడుగుల లోనే వెలుతురు అంతగా ఎందుకు పడిపోయింది? మొక్క ఉండేచోట తల పెట్టి పడుకుని చూడండి, తెలుస్తుంది. మా అమ్మాయి అలాగే చేసింది. పిట్టగోడ దగ్గర పడుకుంటే జానెడు ఆకాశం కనిపించింది. లోపలి గోడ దగ్గర పడుకుంటే ఆకాశమన్నదే లేదు, ఎదుటి అపార్టుమెంటు గోడ మాత్రమే కనిపించింది. ఎండ పడని చోట మొక్కకు వెలుతురు ఇచ్చేది ఆకాశమే. మా అదృష్టం కొద్దీ ఎదుటి గోడకు మీగడ రంగు వేశారు గనక ఆ కాస్త వెలుతురైనా తిరిగి వస్తున్నది.

ఫోను లేకపోయినా ఫరవాలేదు. మధ్యాహ్నం వేళ కుండీ పెట్టదలచిన చోట తెల్లకాగితం పరిచి, దానికి అడుగు ఎత్తున చెయ్యి పట్టండి. నీడ అంచు గీత గీసినట్టుగా పడితే అది ఎండ మొక్కలకు పనికివచ్చే చోటు. అంచు చెదిరినా, అది చెయ్యి అని గుర్తుపట్టగలిగితే మధ్యరకం. నీడ ఉన్నదో లేదో తెలియకుండా ఉంటే అక్కడ బతకగల మొక్కలు చాలా కొద్ది.

మొక్క తన ఆహారం తానే తయారు చేసుకుంటుందని మీరు పాఠాలలో చదివే ఉంటారు. ఆకులోని పత్రహరితం వెలుతురును పట్టి, నీటినీ గాలిలోని కార్బన్ డయాక్సైడునూ చక్కెరగా మారుస్తుంది. ఇది మొక్కకు ఆదాయం. ఇక మొక్కకు ఖర్చు కూడా ఉన్నది. అది మనలాగే రాత్రింబవళ్ళు శ్వాసిస్తుంది. అందుకు ఆ చక్కెరే ఖర్చవుతుంది. వెలుతురు తగ్గుతూ పోతే ఒకచోట ఆదాయమూ ఖర్చూ సరిసమానమవుతాయి. అంతకన్న తగ్గితే మొక్క కాడలోనూ వేళ్ళలోనూ దాచుకున్న పిండిపదార్థం తీసి వాడుకోవాలి. అది అయిపోయిన నాడు దాని పని అయిపోయినట్టే. నీడలో పెట్టిన ఎండ మొక్క వెంటనే చావకుండా రెండు మూడు నెలలు బాగున్నట్టే కనపడటానికి కారణం ఇదే. అది కూడబెట్టినది తిని బతుకుతున్నది!

అయితే నీడ మొక్కలు ఎలా బతుకుతాయి? వాటికి ఖర్చు తక్కువ. దట్టమైన అడవిలో చెట్ల తలల మీద పడే వెలుతురులో నూటికి ఒకటి రెండు వంతులు మాత్రమే నేలదాకా దిగుతుంది. అక్కడ పుట్టిన మొక్కలకు ఆకులు వెడల్పుగా, పలచగా, ముదురు పచ్చగా ఉంటాయి. అవి మెల్లగా పెరుగుతాయి, మెల్లగా శ్వాసిస్తాయి. తులసి అలాంటిది కాదు. అది ఆరుబయట, ఎండలో పెరిగే జాతి. మల్లె, గులాబి, చామంతి, మందారం, కరివేప కూడా అంతే.

ఈ సంగతి అత్తగారికి నేను చెప్పబోలేదు. మొక్కల విషయంలో ఆవిడకు తెలిసినది నాకు తెలియదు. దానికి బదులు మా అమ్మాయి ఒక పరీక్ష పెట్టింది. 2024 మార్చిలో మామ్మ అనుమతి తీసుకుని తులసి కొమ్మలు మూడు, నాలుగేసి వేళ్ళ పొడవున తుంచి, నీళ్ళ గ్లాసులో ఉంచింది. రెండు వారాలలో వేళ్ళు వచ్చాయి. మూడింటినీ ఒకే మట్టితో నింపిన మూడు కుండీలలో నాటి, ఒకటి డాబా మీదా, ఒకటి పిట్టగోడ పక్కనా, ఒకటి లోపలి గోడ పక్కనా పెట్టింది. వారానికొకసారి స్కేలు పెట్టి కొలిచి, నోటుబుక్కులో రాసుకునేది.

అయిదు వారాల తరవాత డాబా మీది మొక్కను కిందికి తెచ్చి పక్కపక్కన పెట్టి చూశాము. లోపలి గోడ దగ్గరిది మూడు ఆకులతో మిగిలింది. కాని పిట్టగోడ దగ్గరిది డాబా మీది దానికన్న రెండంగుళాలు పొడుగున్నది! "నీడలోదే గెలిచిందమ్మా!" అన్నది మా అమ్మాయి.

అత్తగారు గదిలోనుంచి మెల్లగా వచ్చి, ముక్కాలిపీట మీద కూర్చుని, మూడింటినీ తడిమి చూశారు. "పొడుగు చూడకే పిచ్చిదానా. కణుపుకూ కణుపుకూ మధ్య ఎడం చూడు. ఇది పెరగటం కాదు, వెలుతురు కోసం మెడ చాచటం," అన్నారు.

ఆవిడ చెప్పినది అక్షరాలా నిజం. చీకటిగా ఉన్నచోట మొక్క ఆకుల మీద, కొమ్మల మీద పెట్టవలసిన ఖర్చు తగ్గించి, కాడ పొడుగు సాగటానికే పెడుతుంది. పైన ఎక్కడో వెలుతురు ఉంటుందని దాని ఆశ. వెలుతురు ఒక పక్కనుంచే వస్తుంటే కాడ ఆ పక్కకు వంగుతుంది కూడా. కాడలో తయారయే ఆక్సిన్ అనే పదార్థం వెలుతురు లేని పక్కకు ఎక్కువగా చేరుతుంది. అది చేరిన పక్క కణాలు ఎక్కువ సాగుతాయి. ఒక పక్క పొడుగయితే కాడ రెండో పక్కకు వంగక తప్పదు గదా! చార్లెస్ డార్విన్, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ గడ్డి మొలకల కొనలకు చిన్న టోపీలు తొడిగి చూశారు. టోపీ పెట్టిన మొలక వెలుతురు వైపు వంగలేదు. 1880లో ఆ సంగతి ఒక పుస్తకంలో ప్రకటించారు. ఆక్సిన్ సంగతి తెలిసింది ఆ తరవాత చాలా ఏళ్ళకు.

మరి తులసిని ఏం చెయ్యాలి? డాబా మీద పెడితే అది బతుకుతుంది గాని అత్తగారికి కనపడదు. వసారాలో పెడితే కనపడుతుంది గాని బతకదు. మేము ఇలా తర్జనభర్జన పడుతూ ఉంటే ఆవిడే తేల్చేశారు. "గుళ్ళో అర్చకులు వంతులు వేసుకోరూ? వీటికీ వంతులు వేద్దాం," అన్నారు. పాత తులసికీ, పరీక్షలో నెగ్గిన కొత్త తులసికీ వంతులు ఏర్పడ్డాయి. ప్రతి గురువారం సాయంత్రం మా అమ్మాయి ఒక కుండీని పైకి మోసుకుపోయి, రెండవ దాన్ని కిందికి తెస్తుంది. పైకి పోయినది ఒక్కసారిగా ఎండలో పడితే ఆకులు మాడుతాయి గనక మొదటి రెండు రోజులు నీళ్ళ ట్యాంకు నీడలో ఉంచి, తరవాత ఎండలోకి జరుపుతుంది. శుక్రవారం పొద్దున వసారాలో నిగనిగలాడే తులసి ఉంటుంది. ఎండ మొక్క ఏదైనా వారం రోజులు నీడలో ఉంటే దానికి పెద్ద నష్టం లేదు. ఇంట్లో రెండు చోట్లు, రెండు కుండీలు, మోసే చేతులు రెండు ఉండాలి, అంతే.

తక్కిన వసారా సంగతి చూడటానికి మేము కడియం వెళ్ళాము. కడియం, కడియపులంక నర్సరీల గురించి వినని వాళ్ళు మన రాష్ట్రంలో ఉండరు. మా ఊరికి దగ్గరే. జాతీయ రహదారి పక్కన, కాలవగట్ల వెంబడి, వందలకొద్ది నర్సరీలు. అక్కడ నేను గమనించిన ఒక సంగతి మీరు కూడా గుర్తుపెట్టుకోవచ్చు. మొక్క పేరు తెలియకపోయినా అది నర్సరీలో ఎక్కడ నిలబడి ఉన్నదో చూస్తే చాలు. రోడ్డు పక్కన ఎండలో ఉన్నవి మనకు పనికిరావు. ఆకుపచ్చ వల పందిరి కింద ఉన్నవి పిట్టగోడ దగ్గరికి పనికివస్తాయి. ఆ పందిరిలో కూడా బాగా వెనక, పెద్ద మొక్కల నీడన ఉన్నవే లోపలి గోడకు. మేము వెళ్ళిన నర్సరీ పెద్దాయన, "మీకు ఎండ ఎంతసేపు వస్తుందమ్మా?" అని మొదట అడిగి, రాదని చెప్పగానే మమ్మల్ని తిన్నగా వెనక్కి తీసుకుపోయాడు.

మా అమ్మాయి కళ్ళు ఎర్రటి ఆకుల అగ్లోనిమా మీదా, రంగు రంగుల క్రోటన్ల మీదా పడ్డాయి. వాటిని వద్దనటం కష్టమే అయింది. ఆకులో తెలుపు, పసుపు ఉన్న చోట పత్రహరితం లేదు, లేక బహు తక్కువ. ఎరుపు కింద పత్రహరితం ఉన్నా రంగు బాగా తేలాలంటే వెలుతురు కావాలి. సగం ఆకు మాత్రమే సంపాదిస్తూ, ఆకంతా తింటూ ఉంటే నీడలో సంసారం గడవదు! అందుచేత నీడ ఎక్కువైన కొద్దీ పచ్చదనం ఎక్కువైన మొక్కను ఎన్నుకోవాలి. అలాగని రంగుల మొక్కను నీడలో పెడితే అది కొత్త ఆకులు పచ్చగా వేస్తుంది, పెట్టిన డబ్బు వృథా. చివరకు ఆకు మధ్యన కాస్త వెండిచార ఉన్న పచ్చ అగ్లోనిమాతో రాజీ కుదిరింది.

డిఫెన్‌బేకియా అనే మొక్కను మాత్రం నేను ముట్టుకోనివ్వలేదు. చూడటానికి అది ఎంతో అందంగా ఉంటుంది, నీడలో బాగా పెరుగుతుంది. కాని మా ఆడపడుచు కొడుకు రెండేళ్ళవాడు తరచు మా ఇంటికి వస్తాడు, వాడికి ఏది దొరికినా నోట్లో పెట్టుకునే అలవాటు. ఇంగ్లీషులో ఈ మొక్కకున్న ముద్దుపేరుకు "మూగ చెరుకు" అని అర్థం. దాన్ని నమిలితే నాలుక మండి, వాచి, మాట రాకుండా పోతుంది. దాని కణాలలో కాల్షియం ఆక్సలేటు అనే పదార్థం సూదుల కట్టలుగా ఉంటుంది. కొరకగానే ఆ సూదులు నోట్లో గుచ్చుకుంటాయి. మీకు ఈ సూదులు కొత్తవేమీ కావు. కంద తరిగితే చేతులు దురద పెట్టేది వీటివల్లనే. కంద, చేమ, డిఫెన్‌బేకియా — అన్నీ ఒకే కుటుంబం. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత ఉన్నది గాని, కందకు దురద లేకపోవటం సూదులు దాని సంచులలో భద్రంగా ఉండటం చేతనే. కందను చింతపండు వేసి బాగా ఉడికించి తింటాము. డిఫెన్‌బేకియాను ఎవరూ వండరు.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మాట. మనీ ప్లాంటు, అగ్లోనిమా, పీస్ లిల్లీ, కలేడియం, జీజీ అని పిలిచే మొక్క — ఇవన్నీ కూడా ఆ కుటుంబానివే. వీటన్నిటిలోనూ ఆ సూదులు ఎంతో కొంత ఉంటాయి. స్నేక్ ప్లాంటు ఆ కుటుంబం కాకపోయినా, నమిలితే వాంతులవుతాయి. అందుకని మానెయ్యనక్కరలేదు. మేము లోపలి గోడకు నాలుగడుగుల ఎత్తున బలమైన ఇనపబల్ల బిగించి, వీటిని దానిమీద పెట్టాము. ఒకవేళ పిల్లవాడు కొరికితే నోరు శుభ్రంగా కడిగి, చల్లని నీళ్ళో పాలో తాగించాలి. పెదవులు, నాలుక వాస్తే ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. నేలమీద మాత్రం ఫెర్నులు, స్పైడర్ ప్లాంటు, మరాంటా పెట్టాము. వీటిని పిల్లవాడు పీకినా మొక్కకే గాని వాడికి ప్రమాదం లేదు.

మరాంటా అందరికన్న మా అమ్మాయికి ఎక్కువ నచ్చింది. పగలు ఆకులు పరుచుకుని ఉండి, చీకటి పడేసరికి చేతులు జోడించినట్టు నిటారుగా ముడుచుకుంటాయి. ఆకు మొదట్లో చిన్న కీలు లాంటి ఉబ్బు ఉంటుంది. అందులోని కణాలలోకి నీరు ఎక్కటం, దిగటం వల్ల ఆకు లేస్తుంది, వాలుతుంది. పీస్ లిల్లీ మరొక తమాషా. దాహం వేస్తే మొక్క మొత్తం తలలు వేలేస్తుంది. నీళ్ళు పోసిన కొన్ని గంటలకు తిరిగి లేచి నిలబడుతుంది. నీళ్ళు ఎప్పుడు పొయ్యాలో తెలియని వాళ్ళకు ఇంతకన్న మంచి గురువు దొరకదు.

మనీ ప్లాంటు దొంగిలించి తెస్తేనే కలిసివస్తుందని ఒక మాట ప్రచారంలో ఉన్నది. మా పక్కింటావిడ అడిగితేనే రెండు ముక్కలు ఇచ్చింది, అవి చక్కగా బతికాయి. ఈ తీగ పసిఫిక్ మహాసముద్రంలోని మోరెయా అనే చిన్న దీవిది. అడవిలో చెట్టెక్కితే దాని ఆకు చేటంత అవుతుంది. మన ఇళ్ళలో కిందికి వేలాడితే అరచేతికి మించదు. ఇది పువ్వు పూయటం దాదాపు ఎవరూ చూడలేదు. పూతకు కావలసిన జిబ్బరెల్లిన్ అనే పదార్థాన్ని తయారుచేసుకునే శక్తి దానికి లోపించిందని 2016లో శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. ప్రపంచమంతటా ఉన్న మనీ ప్లాంట్లు ముక్కనుంచి ముక్కగా నాటుతూ వచ్చినవే.

ఇలా ఎక్కడెక్కడి మొక్కలో మన వసారాకు ఎలా చేరాయి? జీజీ మొక్క తూర్పు ఆఫ్రికాది, స్పైడర్ ప్లాంటు దక్షిణాఫ్రికాది, స్నేక్ ప్లాంటు పశ్చిమాఫ్రికాది. ఈ రోజులలో విమానాలున్నాయి గాని, ఓడల కాలంలో ఉప్పుగాలికి, మంచినీటి కరువుకు మొక్కలు దారిలోనే చచ్చిపోయేవి. లండనులో నథానియేల్ వార్డ్ అనే వైద్యుడు ఉండేవాడు. ఆయనకు ఫెర్నులంటే ఇష్టం. కాని ఆ నగరపు బొగ్గు పొగకు అవి బతికేవి కావు. 1829లో ఆయన ఒక చిలుక పురుగు గూడును తడిమట్టితో సహా గాజుసీసాలో పెట్టి మూత బిగించాడు. పురుగు సంగతి అలా ఉండగా, ఆ మట్టిలోనుంచి ఒక ఫెర్నూ, ఒక గడ్డిమొక్కా మొలిచాయి! మట్టిలోని తడి ఆవిరై, గాజుకు పట్టి, తిరిగి మట్టిలోకే దిగుతూ ఉండటం ఆయన గమనించాడు. 1833లో అలాంటి గాజుపెట్టెలలో మొక్కలు పెట్టి ఓడలో ఆస్ట్రేలియా పంపితే అవి సిడ్నీకి పచ్చగా చేరాయి. ఆ తరవాత వార్డ్ పెట్టెలలో మొక్కలు ప్రపంచమంతా తిరిగాయి. చైనా నుంచి వేలకొద్ది తేయాకు మొక్కలు మన దేశానికి వచ్చినది కూడా ఆ పెట్టెలలోనే.

అత్తగారు ఈ కథ విని, "అన్నీ పైదేశాలవేనా? మన మొక్క ఒక్కటీ నీడలో ఉండదా?" అన్నారు. ఆ వెంటనే తానే, "తమలపాకు!" అన్నారు.

తుని ప్రాంతం తమలపాకు తోటలకు పేరు పొందినది. ఆవిడ పుట్టిల్లూ అటువైపే. చిన్నప్పుడు ఆకుతోటలలో ఆడుకున్న మనిషి. ఆ తోటలో ముందు అవిసె వరసలుగా నాటుతారు. అవిసె తీగకు ఊత, నీడ కూడా. దాని సన్నని ఆకులగుండా జల్లెడ పట్టినట్టు వెలుతురు దిగుతుంది. తమలపాకుకు కావలసినది అదే — ఎండ తగలని వెలుతురు, చల్లదనం, నిలవని తడి. మిరియం, పిప్పలి దీనికి అక్కచెల్లెళ్ళు. తీగ బాగా పొడవైనప్పుడు దాన్ని అవిసె మీదినుంచి కిందికి దించి, చుట్టగా చుట్టి, మట్టిలో కప్పుతారు. కణుపు కణుపుకూ వేళ్ళు పుట్టి తీగ మళ్ళీ పడుచుదవుతుంది.

2024 జూన్ నెలలో ఊరినుంచి ఒక బంధువు, బావి పక్కన ఇంకా బతికే ఉన్న ఆ పాత తీగనుంచి మూడు ముక్కలు తెచ్చి ఇచ్చాడు. తడిగుడ్డలో పెట్టి, అరటిదొప్పలో చుట్టి తెచ్చాడు. అత్తగారు కొబ్బరిపొట్టు, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు తానే కలిపి పెద్ద మట్టికుండీలో నాటారు. ఊతకు కొబ్బరిపీచు చుట్టిన కర్ర నిలబెట్టాము. ఒక ముక్క కుళ్ళిపోయింది, రెండు నిలిచాయి. మొదటి ఆకులు రూపాయి బిళ్ళంతే. ఆవిడ రోజూ వాటిని చూడటానికి వసారాలోకి వచ్చేవారు, మెల్లగా కాఫీ గ్లాసు కూడా వెనకే వచ్చింది. మరుసటి శ్రావణంలో, అంటే 2025లో, పేరంటానికి వచ్చిన వాళ్ళకు తాంబూలంలో మా వసారా ఆకులే ఇచ్చారు. పదిమందికి సరిపోయాయి. మిగిలిన వాళ్ళకు బజారు ఆకులు ఇస్తూ, "ఇవి మావి కావు," అని ఒక్కొక్కరితోనూ చెప్పారు.

నీడలో మొక్కలు చచ్చేది నీళ్ళు చాలక కాదు, ఎక్కువై. వెలుతురు తక్కువైతే మొక్క నీరు తాగటం, ఆవిరి చెయ్యటం కూడా తగ్గుతుంది. పోసిన నీళ్ళు మట్టిలోనే నిలిచి, వేళ్ళకు గాలి ఆడదు, వేళ్ళు కుళ్ళుతాయి. పల్లెలో పొద్దునా సాయంత్రం చెంబుతో పొయ్యటం సరైన పద్ధతే. ఇక్కడ మాత్రం వేలు రెండు కణుపుల లోతుకు గుచ్చి, పొడిగా తగిలితేనే పొయ్యాలి. జీజీ మొక్కకు మట్టి కింద దుంపలుంటాయి. మూడు వారాలు మరిచిపోయినా అలగదు. మట్టికుండీ గోడలగుండా తడి ఆరుతుంది గనక ప్లాస్టిక్కు కుండీకన్న అది నయం.

కప్పు ఉన్న చోట ఇంకొక చిక్కు ఉన్నది. బయట ధారాపాతంగా వాన కురుస్తూ ఉంటే, మొక్కలు తడిసే ఉంటాయని అనుకుంటాము. కప్పు కింది కుండీకి ఆ వాన వినపడుతుందంతే! పైగా వాన కడగదు గనక ఆకుల మీద దుమ్ము పేరుకుని, ఉన్న కాస్త వెలుతురునూ అడ్డుకుంటుంది. ఆదివారంనాడు తడిగుడ్డతో ఆకులు తుడవటం మా అమ్మాయి పని. రెండేళ్ళవాడు వస్తే కింది ఆకులు వాడు తుడుస్తాడు, రెండు చింపుతాడు.

కుండీల కింది పళ్ళాలలో నీరు నిలవనివ్వకండి. డెంగీ వ్యాపింపజేసే ఏడిస్ దోమ అలాంటి కొద్దిపాటి నీళ్ళ అంచునే గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావటానికి వారం పది రోజులు చాలు. ఆ గుడ్లు నెలల తరబడి ఎండిపోయి ఉన్నా, తడి తగలగానే పొదుగుతాయి. అందుచేత వారానికొకసారి పళ్ళాన్ని వంపటమే కాక, అంచులు బాగా తోమి కడగాలి. సీసాలో నీళ్ళలో పెంచే మనీ ప్లాంటుకూ ఇదే నియమం.

మా ఇంటికి వచ్చినవాళ్ళలో కొందరు, "ఇన్ని మొక్కలున్నాయి, గాలంతా శుభ్రమైపోతుంది!" అంటారు. ఈ మాటకు మూలం 1989లో అమెరికావారి నాసా చేయించిన పరిశోధన. అందులో మొక్కలను మూసి ఉన్న చిన్న గదులలో పెట్టి పరీక్షించారు. ఆ తరవాత జరిగిన అనేక పరిశోధనలను 2019లో మళ్ళీ లెక్క కట్టి చూస్తే, ఇంట్లోకి మామూలుగా వచ్చిపోయే గాలి చేసేపాటి పని మొక్కలు చెయ్యాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1,000 మొక్కలు కావాలని తేలింది. అన్ని మొక్కలు పెడితే మనం నిలబడటానికి చోటుండదు. కిటికీ తెరిస్తే చాలు.

లోపలి గోడకు పడమటి మూల ఒకచోట ఏదీ బతకలేదు. స్నేక్ ప్లాంటు కూడా అక్కడ ఏడాదిలో ఒక్క ఆకైనా కొత్తగా వెయ్యలేదు. అక్కడ అత్తగారి పాత రోలు పెట్టాము.

ఇది రాస్తున్నది జూన్ నెలలో. మన గోదావరి సీమలో మే రెండవ వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. పొద్దున, సాయంత్రం ఇంకా బాగా ఉత్తరానికి జరుగుతాడు. అందుచేత ఇప్పుడు పొద్దున ఎనిమిది దాకా మా వసారాలోకి ఏటవాలుగా ఎండ వస్తున్నది. ఫెర్నుల కొనలు మాడటం చూసి వాటిని వెనక్కి జరిపాము. తమలపాకు ముందు పలచని పాత పంచె కట్టాము. తులసిని మాత్రం పిట్టగోడ మీదికి ఎక్కించాము. దానికి ఈ నెలన్నర వంతు మార్చనక్కరలేదని అత్తగారు తేల్చారు. డాబా మీది తులసికి నీళ్ళు పొయ్యటానికి మా అమ్మాయి రోజూ మెట్లు ఎక్కుతూనే ఉన్నది.